నిటారు వాలు, ముదురు తీగ, తీపి లేని రీస్లింగ్

జర్మన్ వైట్ వైన్ అనగానే తీయగా ఉంటుందన్న అభిప్రాయం మనవాళ్ళలోనే కాక చాలా దేశాల్లో పాతుకుపోయింది. అది ఎలా ఏర్పడిందో ముందుముందు చెబుతాను గాని, ఈ వ్యాసం రాయడానికి కారణం దానికి పూర్తిగా భిన్నమైన వైన్. మోజెల్ నది లోయలో, మనిషి నిలబడటమే కష్టమైన వాలు మీద, యాభై అరవై ఏళ్ళు దాటిన తీగల కాయతో, రసంలోని చక్కెర దాదాపు అంతా పులిసిపోయేదాకా ఓపిగ్గా ఆగి, రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో తయారుచేసే డ్రై, అంటే తీపి లేని, వైన్ అది. ఉద్యోగరీత్యా జర్మనీలోని కోబ్లెంజ్‌లో ఉంటున్న నాకు ఈ తోటలు సెలవు రోజున రైలెక్కి వెళ్ళి రాగలిగినంత దగ్గర. కొన్నేళ్ళుగా వాటి మధ్య తిరిగి, ఆ వైన్ రుచి చూసి, దాన్ని తయారుచేసేవారితో మాట్లాడిన మీదట నాలో ఒక అభిప్రాయం బలపడింది. చక్కెర మిగిలిన వైన్‌లో తోట లోపాలు చాలావరకు మరుగున పడతాయి. చక్కెర లేనప్పుడు గ్లాసులో ఉండేది తోట ఇచ్చినదే. అందువల్ల డ్రై వైన్ బాగా రావాలంటే మంచి వాలు, ముదురు తీగ, తక్కువ కాపు కావాలి. ఆ మూడూ ఖర్చుతో కూడినవే, ఆ ఖర్చుకు తగిన ధర ఇచ్చేవారు లేకపోతే ఆ వాలు మీద తోట మిగలదు.

మోజెల్ నది ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో పుట్టి, లక్సెంబర్గ్ సరిహద్దు వెంట ప్రవహించి, ట్రియర్ దాటాక పాములా మెలికలు తిరుగుతూ వచ్చి కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ప్రతి మెలిక దగ్గరా ఒక ఒడ్డు నిటారుగా కోసుకుపోయి ఉంటుంది, ఎదుటి ఒడ్డు మెల్లగా పల్లంలోకి జారుతుంది. ఆ నిటారు ఒడ్డు దక్షిణానికి తిరిగి ఉన్నచోట రీస్లింగ్ తోటలు ఉంటాయి. సార్, రూవర్ అనే ఉపనదుల లోయలు కూడా ఈ ప్రాంతంలో భాగమే. 2007 దాకా సీసాల మీద మోజెల్-సార్-రూవర్ అనే మూడు పేర్లూ కలిపి ముద్రించేవారు. ఆ ఏడాది నుంచి ఒక్క మోజెల్ పేరే మిగిలింది.

ఈ తోటలు కొండ మీదికి ఎందుకు ఎక్కాయో తెలియాలంటే సూర్యుడి ఎత్తు చూడాలి. ఇది సుమారు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం. కాయ పండే సెప్టెంబర్ చివరి వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో 40 డిగ్రీల ఎత్తును మించడు. ఆ ఏటవాలు ఎండలో చదునైన పొలం మీద పడేది నేరుగా పడే ఎండలో మూడింట రెండు వంతుల లోపే. అదే నేల దక్షిణానికి 50 డిగ్రీలు వాలి ఉంటే కిరణాలు దాని మీద సూటిగా పడతాయి. హైదరాబాద్ ఎండలో పెరిగినవారికి ఇంత చిన్న తేడా కోసం ఇంత కష్టమా అనిపించవచ్చు గాని, ఇక్కడి రీస్లింగ్ పండడానికీ పుల్లకాయగా మిగిలిపోవడానికీ మధ్య శతాబ్దాల పాటు ఉన్న దూరం ఆ తేడాయే. కింద ఉన్న నది చలిని కొంత అడ్డుకుంటుంది, రాత్రి చల్లగాలి వాలు మీద ఆగకుండా పల్లానికి జారిపోతుంది. చట్టప్రకారం 30 శాతం దాటిన వాలును నిటారు వాలుగా లెక్కిస్తారు, అంటే వంద మీటర్ల దూరానికి ముప్పై మీటర్ల ఎత్తు. బ్రెమ్ గ్రామం పక్కనున్న కాల్మోంట్ తోటలో కొన్నిచోట్ల వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. యూరప్‌లోని అతి నిటారైన ద్రాక్షతోటల్లో దాన్ని లెక్కిస్తారు.

ఇక్కడి నేలను మట్టి అనడం కంటే రాయి అనడమే సరి. మన మార్కాపురం పలకలను చేత్తో పట్టుకున్నవారికి ఆ రాయిని ప్రత్యేకంగా పరిచయం చేయనవసరం లేదు. సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు అడుగు బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి, పొరలు పొరలుగా విడివడే పలకరాయిగా మారింది. అది తోటంతా అరచేయి వెడల్పు చెక్కలుగా పరచుకుని ఉంటుంది, ఎక్కువచోట్ల బూడిద రంగులోనో నీలంగానో, ఇనుము ఎక్కువైన చోట ఇటుక ఎరుపులో. పగలు ఎండను పీల్చుకుని రాత్రి మెల్లగా విడుస్తుంది, వాననీటిని నిలవనివ్వదు, పొరల మధ్య సందుల్లోంచి వేరు లోతుకు దిగడానికి దారి ఇస్తుంది. పలకరాయి రుచి వైన్‌లోకి వస్తుందని అమ్మేవారు చెబుతారు. రాయి కరిగి కాయలోకి రుచిగా చేరదు; వేరుకు అందే నీరు, తీగకు అందే వేడి, కాయ పండే తీరు, వీటి మీదనే రాయి ప్రభావం ఉంటుంది. ఆ ప్రభావం చిన్నదేమీ కాదు కాబట్టి దానికి లేని గుణాలు అంటగట్టవలసిన అవసరం లేదు.

కోబ్లెంజ్ నుంచి ట్రియర్ వైపు వెళ్ళే రైలు కోహెమ్ దాటి, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలోంచి బయటికి రాగానే ఏడిగర్-ఎల్లర్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడ దిగితే కాల్మోంట్ మీదుగా బ్రెమ్‌కు వెళ్ళే కొండదారి ఉంది. దారి అన్నానే గాని, నిచ్చెనలు ఎక్కుతూ, రాతికి బిగించిన ఉక్కుతాళ్ళు పట్టుకుంటూ వెళ్ళాలి. చలికాలం చివర ఒక తడి ఉదయాన ఆ దారిలో వెళ్తున్నప్పుడు ఒక పెద్దాయన, ఆయన కోడలు తీగలు వంచుతూ కనిపించారు. ఇక్కడి పాత పద్ధతిలో వరుసలు, కంచె తీగలు ఉండవు; ఒక్కో ద్రాక్ష మొదలుకు ఒక్కో గుంజ ఉంటుంది, మనిషి కంటే ఎత్తుగా. కత్తిరింపులో రెండు పొడుగు కొమ్మలను మాత్రం ఉంచుతారు. వాటిని ఒకటి కుడివైపుకు, ఒకటి ఎడమవైపుకు వంచి, కొనలను కింద మొదలు దగ్గర గుంజకు కట్టేస్తే చూడటానికి హృదయాకారంలో ఉంటుంది. ఆయన కొమ్మను ఒక్క ఊపులో వంచలేదు. రెండు చేతుల బొటనవేళ్ళతో జానెడుకు ఒకచోట నొక్కుతూ, లోపలి పీచు చిన్నగా చిటచిటమనేదాకా తెచ్చి, విరిగే ముందు ఆపుతూ వంచాడు. పొడి గాలిలో ఈ పని చేస్తే కొమ్మ పుటుక్కున విరుగుతుందని, అందుకే వాన తుంపర ఉన్న రోజు కోసం చూస్తారని కోడలు చెప్పింది. విరిగితే ఆ ఏడాది ఆ మొదలు కాపులో సగం పోయినట్టే. ఆయన ఒక కాలు కింది మొదలుకు ఆనించి, మరో కాలు మడిచి, కొండకు ఒరిగి పనిచేస్తున్నాడు. అడుగు వేసినప్పుడల్లా పలక చెక్కలు గలగలమంటూ జారి కింద గోడకు తగులుతున్నాయి. పూర్వం ఇలా జారిన రాతినీ మట్టినీ రైతులు బుట్టల్లో వీపున మోసి మళ్ళీ పైకి చేర్చేవారు.

మీటరుకొక గుంజ చొప్పున నాటిన పాత తోటలో హెక్టారుకు పదివేల మొదళ్ళ దాకా పడతాయి. వాటిలో ఒక్కొక్కదాన్నీ కత్తిరించాలి, వంచాలి, కట్టాలి, వేసవిలో చిగుళ్ళు తీయాలి, చివరికి కాయ చేత్తో కోయాలి. చదును నేలలో యంత్రాలతో ఏడాదికి కొన్ని వందల గంటల్లో ముగిసే సేద్యం ఇక్కడ హెక్టారుకు వెయ్యి గంటలు దాటుతుంది. కొన్ని తోటల్లో పళ్ళచక్రం మీద నడిచే ఒంటి పట్టా బండి వేశారు, అది మనుషులనూ కోసిన కాయనూ కొండ పైకీ కిందికీ చేరుస్తుంది. తెగుళ్ళ మందు చల్లడానికి హెలికాప్టర్ వాడతారు, ఇప్పుడు కొందరు డ్రోన్ వాడుతున్నారు. కత్తిరింపుకూ వంచడానికీ మాత్రం మనిషి చేయి తప్ప మార్గం లేదు.

ఇక తీగ వయసు విషయం. యూరప్ ద్రాక్షతోటలను 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు తుడిచిపెట్టింది. అమెరికా నుంచి వచ్చిన ఆ పురుగును తట్టుకోవడానికి అమెరికన్ ద్రాక్ష వేరు మీద యూరప్ ద్రాక్షను అంటుకట్టడం తప్పలేదు. మోజెల్‌లోని రాతివాలులు ఆ పురుగుకు అంతగా అనుకూలించలేదు. అందుకని ఇక్కడ సొంత వేళ్ళ మీద నిలిచిన తీగలు, కొన్ని నూరేళ్ళు దాటినవి, ఇప్పటికీ కాస్తున్నాయి. అంత మొదలు మనిషి తొడంత లావున, మెలిపడి, బెరడు పొట్టులు రాలుతూ ఉంటుంది. కాపు తక్కువ, గుత్తి చిన్నది, కాయలు కూడా చిన్నవి, కాయకూ కాయకూ మధ్య గాలి ఆడేటంత సందు ఉంటుంది కాబట్టి వానల్లో కుళ్ళు తొందరగా పట్టదు. వేరు లోతుగా ఉన్నందున ఎండాకాలం నీరు లేక లేతతోట ఆకులు ముడుచుకున్నా ముదురు తోట పచ్చగానే ఉంటుంది. ఇంకొక మేలు కూడా ఉంది. యుద్ధానంతరం దిగుబడి పెంచడానికి ఏరి వృద్ధిచేసిన ఒకే రకం మొక్కలు కాకుండా, వాటికంటే ముందు నాటిన తోటలో ఒక్కో మొదలు ఒక్కో గుణంతో ఉంటుంది, అన్నీ ఒకే రోజున ఒకేలా పండవు. ఆ కలగలుపు వైన్‌కు లోతునిస్తుందని చాలామంది తయారీదారులు నమ్ముతారు, నేనూ నమ్ముతాను.

సీసా మీద కనిపించే ఆల్టె రేబెన్ అన్న మాట ముదురు తీగలను సూచిస్తుంది. జర్మన్ చట్టంలో దానికి నిర్ణీత వయసు లేదు కాబట్టి ఆ మాటకు విలువ తయారీదారు మాట మీదే ఆధారపడుతుంది. మంచి తయారీదారును అడిగితే ఏ తునక ఏ దశాబ్దంలో నాటారో చెప్పేస్తాడు. చెప్పలేని చోట ఆ మాటకు అదనపు ధర పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

డ్రై వైన్‌కూ ముదురు తీగకూ ఉన్న సంబంధం నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోస్తుంది. రీస్లింగ్ సహజంగానే పుల్లని ద్రాక్ష. మోజెల్ వైన్‌లో లీటరుకు ఏడెనిమిది గ్రాముల ఆమ్లం మామూలు. కాపు ఎక్కువగా తీసిన లేతతోట కాయతో డ్రై వైన్ చేస్తే నాలుకను కోసే పులుపు తప్ప మధ్యలో ఏమీ ఉండదు. దానిలో కాస్త చక్కెర మిగిలితే పులుపు సర్దుకుంటుంది, తాగడానికి హాయిగా ఉంటుంది, లోపం తెలియదు. చక్కెర లేకుండా ఆ పులుపును మోయగలిగేది కాయలోని సాంద్రత ఒక్కటే. అది తక్కువ కాపుతో, చిన్న కాయతో, పూర్తి పండుదలతో వస్తుంది. చట్టప్రకారం ట్రోకెన్, అంటే డ్రై, అని రాయాలంటే లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర ఉండకూడదు. ఆమ్లం తగినంత ఉన్నప్పుడు 9 గ్రాముల దాకా అనుమతి ఉంది, అయితే చక్కెర ఆమ్లం కంటే 2 గ్రాములకు మించి ఎక్కువ కాకూడదు. పులుపు ఎక్కువున్నచోట ఆ కాస్త చక్కెర తీపిగా తెలియదన్నది ఆ వెసులుబాటు వెనుక ఉన్న ఆలోచన, గ్లాసులో అది నిజమే.

ఇంతకీ మోజెల్ అంటే తీపి అనే పేరు ఎప్పుడొచ్చింది? ఇక్కడి ద్రాక్ష సేద్యం రోమన్ల నాటిది. పీస్‌పోర్ట్ గ్రామంలో నాలుగో శతాబ్దపు రోమన్ ద్రాక్ష గానుగ 1985లో తవ్వకాల్లో బయటపడింది. 1787లో ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెంజెస్లావుస్ నాసి రకం తీగలను పీకేసి మంచివి, ముఖ్యంగా రీస్లింగ్, నాటాలని ఆజ్ఞ జారీ చేశాడు. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ప్రష్యా ప్రభుత్వం 1868లో పన్ను కోసం ఏ కొండ ఎంత విలువైనదో రంగులతో గుర్తించిన పటాన్ని వెలువరించింది, ఆ పటంలో ఎక్కువ పన్ను పడిన వాలులనే ఇవాళ కూడా గొప్ప తోటలని అంటున్నారు. 1900 ప్రాంతంలో మోజెల్, సార్ రీస్లింగ్‌లు బెర్లిన్, లండన్ హోటళ్ళ జాబితాల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రసిద్ధ వైన్‌లతో సమానమైన ధర, కొన్నిసార్లు అంతకు మించిన ధర పలికాయి. ఆ వైన్‌లలో ఎక్కువ భాగం పెద్ద పీపాల్లో తమంత తాము పులిసి, చక్కెర అంతా పోయినవో, కొద్దిగా మిగిలినవో. చక్కెర మిగిలిన వైన్ సీసాలో మళ్ళీ పులవకుండా ఆపే సూక్ష్మ వడపోత 20వ శతాబ్దంలో గాని సాధారణం కాలేదు. ఆ వడపోత వచ్చాక, పులియని రసాన్ని దాచి తర్వాత కలిపే పద్ధతి కూడా వచ్చాక, తీయటి వైన్‌ను చవకగా, విస్తారంగా తయారుచేయడం సాధ్యమైంది.

దానికి తోడు 1971 నాటి వైన్ చట్టం వచ్చింది. సుమారు 30,000 ఉన్న తోటల పేర్లను అది 2,600 ప్రాంతానికి కుదించింది. రసంలో చక్కెర ఎంత ఉందన్న దాన్ని బట్టే వైన్‌కు హోదా ఇచ్చింది. కొండా పల్లమా అన్న భేదం పట్టించుకోలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అది సృష్టించిన పెద్ద సముదాయాల పేర్లు. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్ఫ్‌షెన్ నది వంపులో దక్షిణానికి తిరిగిన ప్రసిద్ధ పలకరాతి వాలు. పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ అనే పేరు మాత్రం చుట్టుపక్కల అనేక గ్రామాల తోటలన్నిటికీ కలిపి ఇచ్చినది, చదును నేలలో ముల్లర్-తుర్గావ్ ద్రాక్షతో చేసిన వైన్‌కు కూడా అది చెల్లుతుంది. రెండూ ఒకే గ్రామం పేరుతో మొదలవుతాయి, కొనేవారికి తేడా తెలిసే వీలు లేదు. చవక తీపి వైన్ ఆ పేరుతో ప్రపంచమంతా వెళ్ళి, కొండ మీద రైతు వందేళ్ళుగా సంపాదించిన పేరును పల్లానికి దించేసింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి: నిటారు వాలుల మీద ప్రకృతిసిద్ధంగా చక్కెర మిగిలిన కాబినెట్, ష్పెట్‌లేజె అనే హోదాల వైన్‌లు ఉన్నాయి, వాటిలో ఉత్తమమైనవి ఎంతో గొప్పవి. నా అభ్యంతరం వాటి మీద కాదు, వాటి నీడలో అమ్ముడుపోయిన దాని మీద.

తీపి లేని వైన్ వైపు మళ్ళడం 1980లలో బలపడింది. కోబ్లెంజ్‌కు కొద్ది దూరంలోనే ఉన్న వినింగెన్‌లో రైన్‌హార్డ్ ల్యోవెన్‌స్టైన్, కోర్నేలియా హైమన్ 1980లో మొదలుపెట్టిన హైమన్-ల్యోవెన్‌స్టైన్ సంస్థ, అందరూ తీపి, తేలిక వైన్ చేస్తున్న కాలంలో రాతిగోడల మెట్ల మీది ఊలెన్ తోట నుంచి సాంద్రమైన వైన్‌లు చేసింది. ఊలెన్ తోటలో ఒక కొస నీలి పలకరాయి, మధ్యలో సున్నపు పాలు ఎక్కువున్న రాయి, మరో కొస ఎర్రరాయి. బ్లావ్‌ఫ్యూసర్ లే, లావ్‌బాహ్, రోట్ లే అని వాటిని విడివిడిగా సీసాలకెత్తి, చివరికి 2018లో ఆ మూడింటికీ సొంత రక్షిత మూలస్థాన గుర్తింపు సాధించారు. సార్ లోయలో విల్టింగెన్‌కు చెందిన వాన్ ఫోల్క్సెమ్ సంస్థను రోమన్ నీవోద్నిచాన్‌స్కీ కొన్నాక, 2000 తర్వాతి ఏళ్ళలో, ముదురు తోటలు సేకరించి, కాపు తగ్గించి, 1900 నాటి సార్ వైన్ కీర్తిని తిరిగి తేవాలని పనిచేశాడు. ఉత్తమ తయారీదారుల సంఘమైన వీడీపీ 1910 నుంచి ఉన్నది. అది గొప్ప తోటలను వర్గీకరించి, వాటి నుంచి వచ్చే డ్రై వైన్‌కు గ్రోసెస్ గెవెక్స్ అనే హోదా ఇచ్చింది. దానికి హెక్టారుకు 50 హెక్టోలీటర్లకు, అంటే 5,000 లీటర్లకు, మించి దిగుబడి తీయకూడదు, కాయ చేత్తోనే కోయాలి.

వేడెక్కుతున్న వాతావరణం కూడా దీనికి తోడ్పడింది, అది సంతోషించవలసిన విషయం కాకపోయినా. ఒకప్పుడు అక్టోబర్ చివర, నవంబర్‌లో కోత. చలి ముదిరి నేలమాళిగలో, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ నిద్రపోయేది, చక్కెర మిగిలిపోయేది. ఇప్పుడు కోత సెప్టెంబర్‌లోనే మొదలవుతోంది, కాయ దాదాపు ప్రతి ఏడూ పూర్తిగా పండుతోంది. పండిన కాయ రసాన్ని వెయ్యి లీటర్ల ఫూడర్ అనే పాత ఓక్ పీపాలో పోసి, బయటి ఈస్ట్ కలపకుండా, తోట నుంచీ నేలమాళిగ నుంచీ వచ్చిన ఈస్ట్‌తోనే పులియనిస్తారు. అది చలికాలంలో మందగించి, వసంతంలో మళ్ళీ అందుకుని, కొన్నిసార్లు మరుసటి వేసవి దాకా సాగుతుంది. ఎప్పుడు ఆగుతుందో తయారీదారుకు కూడా ముందుగా తెలియదు. చక్కెర ట్రోకెన్ పరిమితికి దిగకముందే ఆగిపోతే ఆ సీసా మీద ఆ మాట రాయడానికి వీల్లేదు, కొందరు రాయకుండానే అమ్ముతారు.

రుచి గురించి చెప్పాలంటే ఒక ప్రత్యేక ఉదాహరణ తీసుకోవడం మేలు. ప్యూండెరిష్ గ్రామానికి ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున మరియెన్‌బుర్గ్ కొండ ఉంది, ఊళ్ళోంచి పడవ దాటి వెళ్ళాలి. అక్కడ క్లెమెన్స్ బుష్, రీటా బుష్ దంపతులు 1980ల నుంచి రసాయనాలు లేకుండా సేద్యం చేస్తున్నారు. వారి గ్రామస్థాయి, అంటే ఒక్క తోట పేరుతో కాక గ్రామం పేరుతో వచ్చే, డ్రై వైన్‌లలో ఒకటి బూడిద పలకరాతి తునకలది, ఒకటి ఎర్ర పలకరాతి తునకలది. ఒకే చేయి, ఒకే ద్రాక్ష, ఒకే సంవత్సరం. రెండూ పక్కపక్కన పోసుకుని తాగితే బూడిద రాయి వైన్ ముందు బిగుసుకుని ఉంటుంది. దబ్బ తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన, పచ్చి ఆపిల్ కొరికినట్టు చివ్వుమనే పులుపు, మింగాక నాలుక అంచుల మీద సన్నటి ఉప్పదనం. ఎర్ర రాయి వైన్ వెడల్పుగా ఉంటుంది, పులుపు అంతే ఉన్నా అంత సూటిగా తగలదు. ఎండిన మూలికల వాసన, పండిన పీచ్ పండు గింజ దగ్గరి చేదు, గ్లాసు వేడెక్కేకొద్దీ పెరిగే కారపు ఛాయ. రెంటిలోనూ ఆల్కహాల్ పన్నెండు, పన్నెండున్నర శాతం ప్రాంతంలో ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగితే ఈ భేదం ఏదీ తెలియదు. పది పన్నెండు డిగ్రీల దగ్గర, అంటే బయటికి తీసి పావుగంట ఆగాక, తెలుస్తుంది. పదేళ్ళు దాచినవాటిలో తేనెమైనం వాసన, కొద్దిగా కిరోసిన్‌ను గుర్తుచేసే వాసన వస్తాయి. రెండోది ఎండ బాగా తగిలిన రీస్లింగ్ గుణం, చెడిపోయినట్టు కాదు. సీసా అడుగున మెరిసే స్ఫటికాలు కనిపిస్తే అవి వైన్ ఆమ్లం లవణాలే, హాని లేనివి.

మన భోజనంతో దీన్ని జత చేయడం సులువు కాదు. మిరపకారం ఆల్కహాల్ మంటను పెంచుతుంది, దాన్ని చల్లార్చే చక్కెర ఇందులో లేదు. చింతపండు పులుసు, గోంగూర ముందు వైన్ పులుపు నిలవదు. మా ఇంట్లో మాత్రం పసుపు, ఉప్పు, మిరియాల పొడి పట్టించి వేయించిన ట్రౌట్ చేపతో, కొబ్బరిపాలు పోసి వండిన రొయ్యలతో ఇది బాగా కుదిరింది. పచ్చి అల్లం ముక్కలు, జీలకర్ర చల్లిన పెసరట్టుతో అంతకంటే బాగా కుదిరింది. అల్లం ఘాటుకూ ఈ వైన్‌కూ పొత్తు సహజంగా ఉంది.

ఇప్పుడు అసలు బాధ. మోజెల్ ప్రాంతంలో 1990ల తొలినాళ్ళలో 12,000 హెక్టార్లకు పైగా ద్రాక్షతోటలు ఉండేవి, ఇవాళ 9,000 కూడా లేవు. వదిలేసినవాటిలో ముందు వరుసలో ఉన్నవి కష్టమైన వాలులే. కాల్మోంట్ కూడా ఒకప్పుడు చాలావరకు తుప్పల పాలైంది; బ్రెమ్‌కు చెందిన ఫ్రాంట్సెన్ కుటుంబం వంటివారు ముళ్ళపొదలు నరికి, కూలిన గోడలు తిరిగి పేర్చి, మళ్ళీ నాటబట్టి ఇవాళ అందులో కొంత పచ్చగా కనిపిస్తోంది. తోట వదిలేస్తే రెండు మూడేళ్ళలోనే ముళ్ళతీగ అల్లుకుంటుంది, ఆ తర్వాత పొదలు, ఆ పొదల వేళ్ళకు రాతిగోడలు ఉబ్బి కూలుతాయి. ఆ గోడల మీద పెరిగే చిన్న రసభరిత మొక్కను తిని బతికే అపోలో సీతాకోకచిలుక ఉపజాతి ఒకటి మోజెల్ దిగువ లోయలో మాత్రమే ఉంది, దాని శాస్త్రీయ నామం కూడా వినింగెన్ పేరు మీదే ఏర్పడింది. ఎండ తగిలే గోడ పోతే దానికి చోటు ఉండదు.

ఇక్కడి సూపర్ మార్కెట్లో మూడు నాలుగు యూరోలకు రీస్లింగ్ దొరుకుతుంది. ఆ ధరకు నిటారు వాలు మీద వెయ్యి గంటల కూలి గిట్టదని లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కరలేదు. పేరున్న తయారీదారు గ్రామస్థాయి డ్రై వైన్ పదిహేను యూరోల అటూ ఇటూ ఉంటుంది, గొప్ప తోటలవి ముప్పై నుంచి మొదలవుతాయి. అదే స్థాయి ఫ్రాన్స్ బుర్గుండి వైట్ వైన్ ధర తెలిసినవారు ఈ ధర చూసి ఆశ్చర్యపోతారు. ఇంత పనికి ఇది తక్కువేనని నేను నమ్ముతాను, అందుకే నెలకు నాలుగు చవక సీసాల బదులు ఒక మంచి సీసా కొంటాను.

కొనేవారికి సీసా మీద చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ట్రోకెన్ అన్న మాట ఉండాలి. ఫైన్‌హెర్బ్ అని ఉంటే కొంత తీపి ఉంటుందని అర్థం. గ్రామం పేరు, వీలైతే తోట పేరు, దాన్ని పండించి సీసాకెత్తిన సంస్థ పేరు స్పష్టంగా ఉండాలి. మూత మీద ద్రాక్షగుత్తి పట్టుకున్న గద్ద బొమ్మ ఉంటే వీడీపీ సభ్యులదని గుర్తు, అయితే ఆ సంఘంలో లేని మంచి రైతులు కూడా చాలామంది ఉన్నారు. 2021లో సవరించిన వైన్ నిబంధనలు చక్కెర లెక్క కంటే మూలస్థానానికి ప్రాధాన్యం ఇస్తున్నాయి. వాటి ప్రకారం 2026 పంట నుంచి మిషెల్స్‌బెర్గ్ వంటి సముదాయాల పేరుకు ముందు రెగియోన్, అంటే ప్రాంతం, అని రాసి తీరాలి, అప్పుడు పక్క అరలో ఉన్న కొండ వైన్‌కూ పల్లపు వైన్‌కూ తేడా సీసా మీదే కనిపిస్తుంది.